సజ్దా కోసం మార్పించిన మోకాలు

"మోకాలు మార్పిస్తే నడుస్తారు, మెట్లెక్కుతారు. ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు మా ఊరి డాక్టరు.

నేల మీద నుదురు ఆనించి సజ్దా చెయ్యాలన్నాను.

"ఈ వయసులో నేల మీదేం పని? కుర్చీలో కూర్చుని మొక్కుకుంటే దేవుడు కాదంటాడా?"

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కినవాణ్ని. కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించేవాడికి నా కాలు అప్పగిస్తానా?

కూతురి చేత మూడు దేశాల ఆసుపత్రులకు ఫోన్లు చేయించాను. ఒక్కచోట మాత్రం, "ఆయన నమాజు ఎలా చేస్తారు? నేల మీదా, కుర్చీలోనా?" అని వాళ్లే ముందు అడిగారు. అంతే, అక్కడికేనన్నాను.

"పది గంటల ప్రయాణం నాన్నా! నాకు సెలవు దొరకదు. అక్కడ నీకెవరున్నారు?" అని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంది.

"అల్లా లేడా?" అన్నాను. పెద్ద మొనగాణ్ని మరి!

ఆసుపత్రిలో అన్నీ ఉన్నాయి. గది పైకప్పు మీద నమాజుకు తిరగాల్సిన ఖిబ్లా దిక్కును చూపించే బాణం గుర్తు, హలాల్ భోజనం, కింది అంతస్తులో నమాజు గది. పలకరించడానికే ఎవరూ లేరు. నా భాష అక్కడ ఒక్కరికీ రాదు. ఆపరేషన్ అయ్యాక వ్యాయామం చేయించే అమ్మాయి తన ఫోనులో నా భాషలోకి మార్చి వినిపించేది: "ఒంటరిగా నేల మీద కూర్చోకండి. ఇంకో వారం ఆగండి."

ఇంకో వారమట! మూడేళ్లుగా మసీదులో చివరి వరస కుర్చీలో ఆగినవాణ్ని.

ఆ మధ్యాహ్నం నమాజు గదిలో నరపురుగు కూడా లేదు. కుర్చీలోనే నమాజు ముగించి, దాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దిగి, అడ్డంగా ఉందని దూరంగా నెట్టేశాను. మోకాలు పీకింది, కానీ వంగింది. నుదురు నేలకు తగిలింది. ఏడ్చేశాను, సిగ్గెందుకు? మూడేళ్లుగా కడుపులో దాచుకున్నవన్నీ చెప్పుకున్నాను. అందులో ముప్పాతిక మా ఆవిడ సంగతులే.

ఇక లేవాలి. కుడిచెయ్యి దానంతటదే పక్కకు సాగింది.

ఇంట్లో ఎప్పుడూ అంతే. నా నమాజు అయ్యేసరికి ఆవిడ వచ్చి పక్కన కూర్చునేది. "ఊఁ, పట్టుకోండి. మిమ్మల్ని లేపడానికే పుట్టింది కదా ఈ భుజం!" అని దెప్పేది. ఆ భుజం పట్టుకునే లేచేవాణ్ని. ఆవిడ పోయిన వారానికే కుర్చీ ఎక్కాను.

తప్పంతా మోకాలిదేననుకుని ఇంత దూరం వచ్చాను.