బయటి గడియ

మొదట అతని చేతిలో ఉన్నదేమిటో చెప్పుకుంటే లెక్క తేలిక. వీధి మలుపులో ఒక దుకాణం. అందులో తాళాలు, గడియలు, మేకులు, మరలు, తలుపు పిడులు. గల్లాపెట్టె వెనక గోడకు ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు. మనిషి మెట్టెక్కుతుండగానే ఏం కావాలో పసిగట్టే కళ్లు. ఆ కళ్ల మీద బొత్తిగా నమ్మకం లేని భార్య. మూలధనం ఇంతే.

వీధిలో అందరికీ అతను తాళాల బాబాయ్. గడియ కావాలని ఎవరొచ్చినా రెండు ప్రశ్నలు అడిగేవాడు. తలుపు చెక్కదా, ఇనుపదా? గడియ లోపలికా, బయటికా? మొదటిదాన్ని బట్టి మరలు తీయాలి. రెండోదాన్ని బట్టి గడియ తీయాలి. జవాబు చెవిన పడేలోపే చెయ్యి సొరుగు మీదకి పోయేది. ఆ జవాబు గురించి ఆగి ఆలోచించాల్సిన అవసరం ఇన్నేళ్ల వ్యాపారంలో అతనికి రాలేదు.

దుకాణం పైన మేడ మీది గదుల్లో ఒక చిన్న సంస్థ ఉండేది. పనులకు పోయేవాళ్ల పిల్లలను పగలు అక్కడ చూసుకునేవారు. ఓపిక అడుగంటిన తల్లి అయినా, కోపం నెత్తికెక్కిన తండ్రి అయినా పిల్లను కాసేపు అక్కడ దింపి, ఊపిరి పీల్చుకుని రావచ్చు. దాన్ని నడిపే ఆవిడ ఒకప్పుడు పిల్లల ఆస్పత్రిలో నర్సు. ఇప్పుడు చిన్నా పెద్దా అందరికీ పెద్దక్క.

ఆవిడ ఒకరోజు దుకాణంలోకి దిగి వచ్చింది. “తమ్ముడూ, వీధిలో అందరికీ చెబుతున్నాను, నీకూ చెబుతున్నాను. పసిపిల్లలున్నవాళ్లు ఏదైనా తేడాగా కొంటున్నారనిపిస్తే ఇంకో మాట అడుగు. అంతే.”

“నేను తాళాలమ్ముకునేవాణ్ణక్కా, పోలీసుని కాను.”

“పోలీసు పని నాకూ వద్దు. ఆస్పత్రిలో కట్లు కట్టీ కట్టీ విసుగొచ్చి ఈ మేడెక్కాను. దెబ్బ తగలకముందే వెళ్తే కట్టు దండగ ఉండదు కదా!”

దండగ అనే మాట అతనికి నచ్చింది. సరేనని తల ఊపాడు. తల ఊపడానికి పెట్టుబడి అక్కర్లేదు.

తర్వాత కొన్నాళ్లకు, బేరాలు లేక ఈగలు తోలుకుంటున్న ఒక మధ్యాహ్నం, ఒక అమ్మాయి వచ్చింది. మనిషి సన్నగా ఉంది. నిలబడి నిద్రపోగలిగేంత అలసట మొహంలో ఉంది.

“గడియ కావాలి బాబాయ్. గట్టిది.”

“తలుపు చెక్కదా, ఇనుపదా?”

“చెక్కది.”

“లోపలికా, బయటికా?”

“బయటికి.”

“అయితే తాళం కూడా తీయనా?”

“తాళం వద్దు. గడియ చాలు.”

చెయ్యి సొరుగు మీదే ఆగిపోయింది. “తాళం లేకపోతే దొంగ గడియ తీసుకుని దర్జాగా లోపలికి పోడూ?”

“దొంగ కోసం కాదు. కుక్క కోసం.”

“కుక్కకి గడియెందుకు తల్లీ? తలుపు దగ్గరకి లాగితే చాలుగా.”

“మా కుక్క పిడి తిప్పుతుంది.”

అతను గడియ బయటికి తీశాడు. తీస్తూ ఆమెను చూశాడు. చొక్కా కాలర్‌కు పసుపురంగు క్లిప్పు ఒకటి వేలాడుతోంది. చిన్నపిల్లల జుట్టుకు పెట్టేది. ఆమె వంగినప్పుడు ఎవరో ఆడుకుంటూ తగిలించి ఉంటారు. ఆమెకది తెలియదు.

“మీ కుక్క క్లిప్పులు కూడా పెట్టుకుంటుందా?” అనేశాడు.

ఆమె కాలర్ తడుముకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అతను గొంతు తగ్గించి, “మేడ మీద పెద్దక్క ఉంది. చిన్నపిల్లల సంగతులు చూస్తుంది. పిలుస్తానుండు,” అన్నాడు.

“వద్దు. నాకేమీ వద్దు.” గడియ బల్ల మీద వదిలేసి ఆమె దాదాపు పరుగెత్తింది.

మూల కూర్చుని మేకులు తూస్తున్న భార్య తల ఎత్తింది. “బేరం చెడగొట్టడంలో మీ తర్వాతే ఎవరైనా. అదుగో, ఎదుటి కొట్లోకి పోయింది చూడండి.”

నిజమే. ఎదుటి దుకాణంవాడు ఏ ప్రశ్నా అడగడు. కాసేపటికి ఆమె కాగితం పొట్లం పట్టుకుని బయటికి వచ్చి, ఇటు చూడకుండా మలుపు తిరిగింది.

ఒక గడియ అమ్ముడుపోకపోతే వచ్చే నష్టం పెద్దదేమీ కాదు. కానీ ఆ సాయంత్రం దాకా అతనికి ఏ పనీ చేతికి రాలేదు. గడియ ఎలాగూ తలుపెక్కుతుంది. తన దగ్గర కొనలేదు, అంతే తేడా. దుకాణం కట్టేసి మేడెక్కి జరిగింది చెప్పాడు.

పెద్దక్క నెత్తి కొట్టుకుంది. “నువ్వు వ్యాపారస్థుడివేనా తమ్ముడూ? అవసరం తెలుసుకోకుండా సరుకు చూపిస్తావా? మేమంటే పిల్లల్ని లాక్కుపోయేవాళ్లని సగం వీధి అనుకుంటోంది. ఏమీ వినకుండానే నన్ను చూపించి హడలగొట్టావు.”

“మరి లాక్కుపోరా?”

“పిల్ల ప్రాణం మీదకొస్తే ఊరుకోను. ఆ మాట తల్లి మొహం మీదే చెబుతాను. కానీ చూసే దిక్కులేక గడియ పెడుతున్నదానికి కావాల్సింది చూసే దిక్కు. అది మన దగ్గరుంది. ఆ అమ్మాయి ఎవరో ఏమైనా తెలిసిందా?”

“బట్టల్లో గంజి వాసన, ముంజేతి మీద ఇస్త్రీ కాలిన మచ్చ. చివరి సందులో లాండ్రీయే అయి ఉండాలి. ఈపాటికి మూసేసి ఉంటారు. ఇల్లు తెలియదు.”

“పొద్దున్నే వెళ్లు. నేనొస్తే మళ్లీ పారిపోతుంది. నువ్వేమీ చెప్పకు. విను.”

మర్నాడు అతను ఇంట్లో కిటికీ పరదాలు ఊడదీస్తుంటే భార్య గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. “ఈ ఇంటికొచ్చాక వీటికి నీళ్లు తగలడం ఇదే మొదలు. ఏం పుట్టింది మీకు?”

“ఎవరి దగ్గరకైనా వట్టి చేతులతో ఎలా వెళ్తానే?”

లాండ్రీలో ఆవిరి కమ్ముకుని ఉంది. ఆ అమ్మాయి వెనక బల్ల దగ్గర తెల్లటి దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. చెయ్యి దుప్పటి మీద, కళ్లు గోడ గడియారం మీద. అతన్ని చూసి భగ్గుమంది.

“వెంటపడుతున్నావా బాబాయ్?”

“పరదాలు తెచ్చాను తల్లీ.” మూట బల్ల మీద పెట్టి ఊరుకున్నాడు. ఏ ప్రశ్నా అడగకుండా నిలబడటం అతనికి ఎంత కష్టమైందో అతనికే తెలుసు.

మాడు వాసన వచ్చింది. ఆమె ఉలిక్కిపడి ఇస్త్రీపెట్టె ఎత్తింది. దుప్పటి మీద గోధుమరంగు మచ్చ. దాన్ని అరచేత్తో రుద్దింది, రుద్దితే పోతుందన్నట్టు.

“మొన్న నన్ను వెతుక్కుంటూ రోడ్డు దాటి ఇక్కడిదాకా వచ్చేసింది,” అంది ఎవరితోనో చెప్పినట్టు. “నాలుగేళ్ల పిల్ల. బండ్ల మధ్య నుంచి. చూసే పక్కింటావిడ ఇల్లు మారి వెళ్లిపోయింది. ఇక్కడికి తేవద్దంటారు, అన్నీ కాలే పెట్టెలే. నేనేం చెయ్యను? ఇవాళే మొదటిసారి గడియ పెట్టాను. రొట్టె పెట్టాను, పాలు పెట్టాను, నీళ్లు పెట్టాను. తలుపేస్తుంటే నవ్వుతూ చెయ్యూపింది బాబాయ్. ఆటనుకుంది.”

అతను ఇంకేమీ వినలేదు. తిన్నగా యజమాని దగ్గరకు పోయాడు. “మీ షట్టర్ తాళం పట్టేసినట్టుందే. ఇందాక సుత్తి పెట్టి బాదుతున్నారు.”

“అవును, ప్రాణం తీస్తోంది.”

“ఇవాళే బాగుచేసి పెడతాను, ఊరికే. ఈ అమ్మాయిని కాసేపు నాతో పంపండి.”

“పని ఎవడు చేస్తాడయ్యా?”

“ఒక దుప్పటి కాల్చింది. ఈ మనసుతో నిలబెడితే ఇంకోటి కాలుస్తుంది. అప్పుడు నష్టం మీకే కదా.”

యజమాని మచ్చ వంక చూశాడు, షట్టర్ వంక చూశాడు. “తొందరగా రమ్మనండి,” అన్నాడు.

ఆమె ఇల్లు పాత కట్టడంలో పై అంతస్తున. మెట్లు ఆమె ఎలా ఎక్కిందో అతనికి కనిపించనే లేదు. రొప్పుతూ వెనక చేరేసరికి ఆమె తలుపు ముందు మోకాళ్ల మీద కూలబడి ఉంది. పైన గడియ వేసింది వేసినట్టే ఉంది. ఆమె చూస్తున్నది గడియను కాదు. తలుపు కింది సందులోంచి రొట్టె ముక్కలు బయటికి వచ్చి ఉన్నాయి. దూరడానికి వీలుగా ఎవరో ఒత్తి ఒత్తి పలచన చేసిన ముక్కలు. వరసగా, ఒకదాని పక్కన ఒకటి.

“పిచికా!” అంది తల్లి. ఆమె పిల్లను అలాగే పిలుస్తుంది.

“అమ్మా, వచ్చావా?” తలుపు అవతలే ఉంది గొంతు. “తలుపు రాలేదమ్మా. నువ్వు బయటే ఉండిపోయావు. ఆకలేస్తుందని రొట్టె పంపాను. తిన్నావా?”

తల్లి ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. “తిన్నానమ్మా,” అంది.

అతను స్క్రూడ్రైవర్ కోసం జేబు తడుముకున్నాడు. జేబులోనే ఉంది. చేతికి దొరకడానికే కాస్త సేపు పట్టింది.

గడియ తీయగానే పిచిక తల్లి మెడకు చుట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరినీ పక్కకు జరగమని అతను గడియ మరలు విప్పడం మొదలుపెట్టాడు.

“అది నీ దగ్గర కొన్నది కాదు బాబాయ్,” అంది ఆమె మొహం తుడుచుకుంటూ.

“తెలుస్తూనే ఉంది. మరలు చూడు, వట్టి నాసిరకం. దీన్ని నేను తీసుకుని ఇంకోటి ఇస్తాను. లోపలికి. పైన, పిల్లకి అందని ఎత్తులో బిగిస్తాను. నువ్వు కాస్త కునుకు తీసినా పిల్ల వీధిలోకి పోదు.”

“వాపసు తీసుకోనని బోర్డు పెట్టావుగా.”

“అది నేనమ్మిన సరుకు సంగతి. ఇది నేనమ్మింది కాదుగా!”

ఆమె నవ్విందనుకున్నాడు. నవ్వు సగంలో ఏడుపైంది. పిచిక తల్లి చెంపలు రెండూ పట్టుకుని, “రొట్టె బాలేదా అమ్మా?” అని అడిగింది.

ఆ పూటకు పిచిక దుకాణానికి వచ్చింది. తల్లి పనికి వెళ్లక తప్పదు. ఆమెకు నమ్మకం కుదిరింది దుకాణం మీదే, మేడ మీద కాదు. గల్లాపెట్టె పక్కన పిల్లను కూర్చోబెడితే, భార్య మేకుల బుట్టలన్నీ గబగబా పై అరలోకి ఎత్తేసి, పెద్ద పెద్ద తలుపు పిడులు ముందు పోసింది. “ఎవరమ్మా నువ్వు?” అంటే “పిచికని,” అంది. “ఎగిరిపోతావా?” అంటే “అమ్మ వచ్చాక,” అంది. అంతటితో భార్య పని అయిపోయింది. ఆ రోజు ఆవిడ ఎవరికీ సరిగ్గా తూచి ఇవ్వలేదు.

సాయంత్రం తల్లి వచ్చేసరికి పెద్దక్క కిందికి దిగి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. తల్లి పిల్లను ఎత్తుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

“భయపడకు,” అంది పెద్దక్క. “ఉన్నమాట చెబుతాను, విను. పిల్లను అలా బంధిస్తే నిప్పంటుకున్నా, నీళ్లొలికినా ఎవరికీ తెలియదు. ఇక ముందూ అలాగే చేస్తే నేను చూస్తూ ఊరుకోను. కానీ నువ్వు చెయ్యవు. ఎందుకంటే రేపటి నుంచి నీకా అవసరం ఉండదు.”

“మీ తలుపుకి గడియ ఎటు?” అని అడిగింది తల్లి.

పెద్దక్క తాళాల బాబాయ్ వంక చూసింది. ఇది అతని ప్రశ్న. “లోపలికి,” అంది. “పిల్లలకి అందనంత పైన. బయట ఏమీ లేదు. పని మధ్యలో వచ్చి తలుపు తట్టినా తీస్తాం. రా, వచ్చి చూసుకో.”

ముగ్గురూ మేడెక్కారు. పైన తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్లీ తెరుచుకోవడం కింద అతనికి వినబడింది. తల్లి బయటి వైపు కూడా తడిమి చూసుకుంటోందని అతను అనుకున్నాడు. మంచి కొనుగోలుదారు అలాగే చూడాలి.

మొదట్లో ఆమె పని మధ్యలో ఎన్నోసార్లు పరుగున వచ్చి తలుపు తట్టేది. ఎప్పుడు తట్టినా తీసేవారు. క్రమంగా తట్టడం తగ్గింది. లాండ్రీలో దుప్పట్లు కాలడం కూడా ఆగిపోయిందట. యజమాని అదంతా తన మంచితనం వల్లేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఇక తాళాల బాబాయ్ లెక్క. షట్టర్ తాళం ఊరికే బాగుచేశాడు, పోయింది. లోపలి గడియ ఊరికే బిగించాడు, పోయింది. లాండ్రీ నుంచి తిరిగొచ్చిన పరదాలు కుంచించుకుపోయి కిటికీ సగానికే వస్తున్నాయి. వాటిని చూసినప్పుడల్లా భార్య ఒక మాట అంటుంది, అతను పడతాడు. ఎదుటి కొట్టు నాసిరకం గడియ మాత్రం బోర్డు పక్కన మేకుకు వేలాడుతోంది. అదెంతని ఎవరైనా అడిగితే అమ్మకానికి కాదంటాడు. బయటి గడియ కావాలని ఎవరొచ్చినా ఇప్పుడు అతని చెయ్యి సొరుగు మీదకి పోదు. “లోపల ఎవరుంటారు?” అని అడుగుతాడు. వాళ్లు చెప్పేదాకా ఆగుతాడు.

జమవైపు ఒకటుంది. పొద్దున్న అతను కింద కాస్త సందు మాత్రం వదిలి షట్టర్ దించి, లోపల ఊడ్చుకుంటూ ఉంటాడు. ఆ వేళకే పిచిక తల్లి చెయ్యి పట్టుకుని మేడ మీదకి వెళ్తుంది. షట్టర్ ముందు చిన్న చెప్పుల చప్పుడు ఆగుతుంది. కింది సందులోంచి ఒత్తి పలచన చేసిన రొట్టె ముక్క ఒకటి లోపలికి జరుగుతుంది.

“తాతా, ఆకలేస్తోందా?”

“దంచేస్తోంది!” అంటాడు అతను. చీపురు పక్కన పెట్టి, వంగి, దాన్ని తీసుకుంటాడు.

“ఏమే,” అని లోపలికి కేకేస్తాడు, “బోణీ అయింది.”