నమలకూడదు, అంతే

"నోరు మూసుకుని వండితే కూర ఎంత బాగా కుదిరిందో చూశావా అమ్మా!" అన్నాడు మొగుడు, మళ్ళీ వడ్డించమని కంచం ముందుకు తోస్తూ. అత్తగారు కిసుక్కున నవ్వింది. గరిటె పట్టుకుని నిలబడ్డ కోడలు నవ్వలేదు, ఏడవలేదు, ఏమీ అనలేదు. అనడానికి నోరేదీ? పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి డాక్టర్లు స్టీలు తీగలతో బిగించేశారు. విరిగిన దవడ అతుక్కునేదాకా, నెలన్నరపాటు, అవి అలా ఉండాల్సిందే.

పుట్టింట్లో ఆమెను వాగుడుకాయ అనేవాళ్ళు. నిద్రలో కూడా మాట్లాడేది మరి! అలాంటి వాగుడుకాయ పెళ్ళయ్యాక ఒక్కో మాటా తగ్గించుకుంటూ వచ్చింది. దవడ విరిగిన రోజు మాత్రం ఒక్కటి జారింది. కూరలో ఉప్పు లేదన్నాడు అతను. ఆమె కాస్త నాలుక మీద వేసుకుని చూసి, "సరిపోయిందే" అంది. అంతే. తిట్టిందా, ఎదిరించిందా? "సరిపోయింది" అని ఊరుకుంటే చెంపదెబ్బతో పోయేదేమో. చివర సాగిన ఆ "దే" ఉంది చూశారూ, అది అయ్యగారికి ఎక్కడో తగిలింది. పక్కనున్న నీళ్ళ చెంబు ఎత్తి దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు తల లోపల వినపడింది. రక్తంతో పాటు పన్నొకటి ఊడి కింద పడింది. అత్తగారు "అయ్యో, అయ్యో" అంటూ గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చి తుడిచింది. కోడలి మొహం కాదు, నేల.

బాత్రూమ్‌లో జారిపడిందని ఆసుపత్రిలో చెప్పాడు. ఆపరేషన్ మత్తు ఆమెకు ఇంకా దిగకముందే డాక్టరు జాగ్రత్తలన్నీ వరండాలో మొగుడికే చెప్పి వెళ్ళిపోయాడు. ఆడదాని ఒంటి సంగతి మొగుడికే కదా చెప్పేది! ఆ మొగుడు లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, "నోరు కదపకూడదట. తీగలు తీసేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. మాట్లాడితే ఎముక జరిగి మొహం వంకర తిరిగిపోతుందట" అన్నాడు. తర్వాత చెవి దగ్గరకు వంగి, "తీశాక ఎవరితోనైనా కూశావో, ఈసారి దవడ కాదు, మెడ" అన్నాడు. మొదటిది డాక్టరు మాట కాబట్టి నమ్మింది. రెండోది మొగుడి మాట కాబట్టి ఇంకా బాగా నమ్మింది.

ఇంటికొచ్చిన మర్నాడే పొయ్యి ముందు నిలబెట్టారు. "దెబ్బ దవడకి గానీ చేతులకేం?" అంది అత్తగారు. నిజమే, చేతులకేం కాలేదు! ఆ చేతులతోనే కూరలు తరిగింది, మాంసం ఉడికించింది, గిన్నెలు తోమింది, దుప్పట్లు పిండింది. వంటింట్లో వాసనకి ఆకలి ఇంకా మండేది. ఇంటికి పంపేటప్పుడు, ఆసుపత్రిలో తిండి సంగతి చూసే డైటీషియన్ మేడమ్ ఏం చెప్పింది? గుడ్లు, పాలు, మాంసం, కూరలు ఏవైనా సరే మిక్సీలో గంధంలా పట్టి, వడకట్టి, స్ట్రాతో రోజుకు ఆరేడుసార్లు తాగమంది. కానీ మిక్సీ వెయ్యగానే, "ఆ రొద ఏంటే, నా తల పగిలిపోతోంది" అని అత్తగారు గదిలోంచి అరుస్తుంది. అతను ఇంట్లో ఉంటే టీవీ వినపడట్లేదని కసురుతాడు. అందుకని ఉడికిన కూర మీద తేరిన నీళ్ళు, పలచటి పాలు, అవే తాగేది. లోపల మాత్రం వాగుడుకాయ వాగుతూనే ఉంది. ఓసి ముసలిదానా, నీ తల పగలాల్సింది మిక్సీ రొదకు కాదే! ఒరేయ్, తినరా తిను, నా పళ్ళు కూడా కలిపి నంచుకో! మొహం మాత్రం గోడలా పెట్టుకుని వడ్డించేది. తిట్లన్నీ గొంతులోనే మురిగిపోతున్నాయి. ఇన్నేళ్ళూ ఇంతే కదా చేశాను, అప్పుడు ఏ తీగలున్నాయని నోరు మూసుకున్నాను అని ఒక పూట బట్టలు ఆరేస్తూ అనుకుంది. అనుకుని తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది.

ఒకరోజు సరదా పుట్టింది అతనికి. దగ్గరకొచ్చి రెండు వేళ్ళతో ఆమె ముక్కు గట్టిగా మూసి, "ఎంతసేపుంటావో చూద్దాం" అన్నాడు. గుడ్లు బయటికొచ్చాయి. చేతులు కొట్టుకుంది. పళ్ళ సందుల్లోంచి ఈల వేసినట్టు గాలి పీల్చింది. పీల్చిన గాలి వదులుతుంటే "వద్దు" అన్న మాట ముద్దగా బయటికొచ్చేసింది. అతను చటుక్కున వేళ్ళు తీసేశాడు. అతని మొహంలో ఆమె మొదటిసారి బెదురు చూసింది. అదెందుకో అప్పుడు అర్థం కాలేదు. మొహం వంకర తిరిగిపోయిందేమోనని అద్దం దగ్గరకు పరుగెత్తింది.

తర్వాతి వారం ఆసుపత్రిలో చూపించుకోవాల్సి వచ్చింది. డైటీషియన్ మేడమ్ లావుపాటి మనిషి, గొంతు కూడా అంతే. బరువు చూసి కళ్ళజోడు నెత్తిమీదకి తోసింది. "ఇదేంటమ్మా, ఇంత చిక్కిపోయావు? ఇలాగైతే ఎముక దేంతో అతుక్కోవాలి? రోజూ ఏం తాగుతున్నావు?"

"అన్నీ తాగుతోంది మేడమ్. మా అమ్మ దగ్గరుండి చేసిపెడుతోంది" అన్నాడు మొగుడు.

"నేను ఆవిణ్ణి అడిగాను."

"తను మాట్లాడకూడదు కదా మేడమ్."

"ఎవరన్నారు? నమలకూడదు, అంతే! కట్టింది దవడని, నాలుకని కాదుగా. ఇవే తీగలు పెట్టుకుని మా పేషెంట్లు ఫోన్లో పోట్లాడుకుంటారు."

వాగుడుకాయకి చెవులు గింగురుమన్నాయి. మాట్లాడొచ్చా! ఇన్నాళ్ళూ మాట్లాడొచ్చా! ముక్కు మూసినప్పుడు అతని మొహంలో బెదురు ఎందుకో ఇప్పుడు తెలిసింది. అంటే ఈ తీగలు డాక్టరు కట్టినవి కొన్నే, మిగతావన్నీ వీడు కట్టినవి. ఆకలి, కోపం, అవమానం అన్నీ కలిసి కిందినుంచి మంటలా ఎగదన్నాయి. అతని చెయ్యి ఆమె భుజం మీదకొచ్చింది. బొటనవేలు మెడ పక్కన ఎముక సందులో దిగింది. మెడ అన్నాడు కదా, గుర్తుచేస్తున్నాడు. భయమేసింది, ఎందుకు వెయ్యదు? ఇవాళ ఊరుకుంటే ఏ రోజైనా ఆ ఇంట్లోనే చస్తాను, అప్పుడు కూడా బాత్రూమ్‌లోనే జారిపడతాను అనుకుంది.

"చెప్పమ్మా, ఏం తాగుతున్నావు?"

"నీళ్ళు" అంది. ముద్దగా, గరగరమంటూ వచ్చింది మాట. "కూర మీద నీళ్ళు. మిక్సీ వెయ్యనివ్వరు."

"ఏంటే ఆ అబద్ధాలు?" అని అరిచాడు. అరిచాక చెయ్యి ఆగలేదు. ఇంట్లో అలవాటైన చెయ్యి, ఎక్కడున్నదీ చూసుకోలేదు. అదే దవడ మీద పడింది. కుర్చీతో సహా ఆమె బల్లకేసి గుద్దుకుంది. తీగ గుచ్చుకుని పెదవి లోపల చీలింది. బయట క్యూలో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇద్దరు వార్డుబాయ్‌లు పరుగెత్తుకొచ్చి అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. "మా ఇంటి విషయం, వదలండి! దానికి పిచ్చి!" అని గింజుకుంటున్నాడు.

డైటీషియన్ మేడమ్ ఆమెను లేవదీసింది. "అమ్మా, అప్పుడు బాత్రూమ్‌లో ఎలా పడ్డావు?"

పళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. వాగుడుకాయ వేలెత్తి మొగుణ్ణి చూపించింది. "నేను జారిపడ్డ బాత్రూమ్ ఇదే" అంది.

"ఆ ముద్దమాటలు ఎవరికి తెలుస్తాయి? ఏవేవో వాగుతోంది" అన్నాడతను. ఆమె అందరివైపూ తిరిగి, ఒక్కో అక్షరం నొక్కి, చెంబు సంగతి, పన్ను సంగతి, ముక్కు మూసిన సంగతి, మెడ సంగతి మొత్తం చెప్పింది. క్యూలో ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంటూ, "తెలుస్తోంది తల్లీ, చెప్పు" అంది. డైటీషియన్ మేడమ్ అప్పటికే పోలీసులకు ఫోన్ చేస్తోంది. డాక్టరు పరుగున వచ్చి దవడ తడిమి, తీగలు బిగువుగానే ఉన్నాయి, ఎముక జరగలేదన్నాడు.

అతన్ని బయటికి లాక్కెళుతుంటే గుమ్మంలోంచి అరిచాడు. "ఇంటికి రావా? రా, నీ సంగతి చెప్తా!"

"రాను" అంది ఆమె. తర్వాత డైటీషియన్ మేడమ్ చెయ్యి పట్టుకుని, గదిలో అందరూ వింటుండగా, సిగ్గుపడకుండా అంది. "ఆకలేస్తోందండీ. ఏదైనా పెట్టండి."