కన్ను లేని కౌజుపిట్ట

పొద్దున్నే వాకిలి ఊడ్చుకుని, టీ కాచుకుని, పాత చీరలు ముక్కలుగా కత్తిరించుకోవడానికి కూర్చునేది మదీనాబీ. టీ ఒక్క గ్లాసే. మొగుడు పీర్ మహమ్మద్ ఉన్నన్నాళ్ళూ గోరంట్లలో ఇల్లిల్లూ తిరిగి దూది ఏకేవాడు, ఆమె బొంతలు కుట్టేది. ఆయన పోయి మూడేళ్ళయింది. పరుపుల అంగళ్ళు వచ్చాక బొంతలు అడిగేవాళ్ళూ లేరు.

అక్క కూతురు షహనాజ్‌కు బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఉంది. 2007లో ఆ పిల్లే చిన్నమ్మ చేత బొంత డిజైను కాగితం మీద గీయించి, కంప్యూటర్లో అమ్మకానికి పెట్టింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో కొన్నారు. ఆ బొంత అంచు వెంట ఏడు కౌజుపిట్టలు వరసగా నడుస్తుంటాయి. ఏడోదానికి కన్ను ఉండదు. కప్పుకునే మనిషే తన చేత్తో ఆ కన్ను కుట్టుకోవాలి, అది వాళ్ళింటి పద్ధతి. కొన్నవాళ్ళకు షహనాజ్ ఆ సంగతి విడిగా రాసి పంపేది.

ఊరికే కాపీ కొట్టేవాళ్ళకు ఆ ఉత్తరం ఎక్కడిది? ఉన్నది ఉన్నట్టు దించేసి మురిసిపోయేవాళ్ళు. అలాంటి బొంతలో ఏడో పిట్ట నిలవదు. కిందికి దిగి, గోడలకు గుద్దుకుంటూ, ముళ్ళకంపల్లో పడి లేస్తూ, తనను గీసిన మనిషిని వెతుక్కుంటూ గోరంట్లకు నడిచొచ్చేది. ఊళ్ళో దీని గురించి ఎవరూ పెద్దగా అనుకోలేదు. గొడవంతా నీళ్ళ దగ్గరే. కొళాయి నాలుగు రోజులకోసారి వస్తుండేది.

"నీ పిట్టలు మా తొట్టి ఖాళీ చేసినాయి. ఎవురో కాపీ కొడితే మేము నీళ్ళు లేక ఎండల్లనా?" అంది పక్కింటి రామసుబ్బమ్మ.

"మూత పెట్టుకో అక్కా. వాటికి కండ్లు కనపడవు గదా," అంది మదీనాబీ.

రెండో ఏడు ఏదో ఊరి దుప్పట్ల కంపెనీ ఆ డిజైనునే అచ్చు గుద్ది నెట్‌లో అమ్మడం మొదలుపెట్టింది. పిట్టలు మందలుగా వచ్చిపడ్డాయి. డిజైను కొనేవాళ్ళు ఆగిపోయారు.

"చిన్నమ్మా, నువ్వు గీసిన పాత కాగితం ఇయ్యి. ఇది మాదని నెట్టోళ్ళకు రాసి పంపిస్తే కాపీలన్నీ తీసేస్తారంట," అంది షహనాజ్.

"సూస్తాంలే."

"ఏం సూస్తావు? ఈ నెల ఒక్కరన్నా కొనినారా? ఏం తిని బతుకుతావు?"

మదీనాబీ చేతిలోని కుట్టు మీదికి వంగింది. కాపీలు పోతే పిట్టలూ పోతాయి. ఆమె కుడుతుంటే అవి చుట్టూ చేరి కూర్చునేవి, మాట్లాడితే తల అటు తిప్పేవి. మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆమె మాట వినేవాళ్ళంటూ దొరికారు. దొంగల పుణ్యమా అని దొరికారని ఆ పిల్లతో ఎలా చెప్పడం? సిగ్గేసింది.

వేసవిలో ఒకసారి తొమ్మిది రోజులు కొళాయి రాలేదు. తాగడానికి ఉంచుకున్న చెంబెడు నీళ్ళూ పిట్టలకని పళ్ళెంలో పోసేసింది. చాలలేదు. మధ్యాహ్నానికి ఒక పిట్ట గడప దగ్గర ఉత్త గుడ్డముక్కయి పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని మదీనాబీ ఏడ్చింది. తన ఒంటరితనం కోసం వీటిని ఎండబెడుతున్నానని అనిపించింది. పెట్టెలోంచి పాత కాగితం తీసుకుని బస్టాండుకు నడిచింది.

"రాయి. అన్నీ తీసేపించు," అంది.

పది రోజుల్లో కాపీలన్నీ నెట్‌లోంచి తీసేశారు. ఒక్కో కాపీ పోయేకొద్దీ వాకిట్లో పిట్టలు కనిపించకుండా పోయాయి. ఇల్లు మళ్ళీ మునుపటిలా అయింది. ఎందుకో ఒక్క పిట్ట మాత్రం పోలేదు. పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం, భుజాన బొంత వేసుకుని ఒకామె గుమ్మంలో నిలబడింది. తన పేరు అంజనమ్మ అని, మడకశిర నుంచి వచ్చానని చెప్పింది.

"నా బొంతలో పిట్ట నడ్సుకుంటా వచ్చేసిండాది. దారి పొడుగునా అందర్నీ అడుగుతా దాని జాడ పట్టుకొని వచ్చినా. కంప్యూటరు అంగడి బయట ఈ బొమ్మ కాగితం పారేసింటే ఏరుకొని కుట్టుకున్యా. కొనేకి దుడ్లు యాడివి? మా ఇంటాయన పోయినాక పొద్దు పోక కుట్టుకున్యా. దొంగతనమే అక్కా, కాదనను."

కాపీ కొట్టినవాళ్ళు ఎదురుపడితే అనాలని మదీనాబీ చాలా మాటలే దాచిపెట్టుకుంది.

"ముందు నీళ్ళు తాగు," అని చెంబు ఇచ్చి, సూదీ దారాల డబ్బా ముందుకు తోసింది. "దానికి కన్ను పెట్టల్ల. అందుకే నిలబడలేదు."

"నువ్వే పెట్టక్కా."

"నేను పెట్టకూడదు. కప్పుకునేది నువ్వు గదా. నేను పక్కన కూర్చొని సూపిస్తా."

అంజనమ్మ పిట్టను ఒడిలో పెట్టుకుని, నల్లదారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు కుట్టు వంకర పోయింది, మదీనాబీ రెండుసార్లూ విప్పించింది. కన్ను పూర్తికాగానే పిట్ట ఇద్దరినీ ఒకసారి చూసి, బొంతలోకి నడిచి తన చోట తాను కుదురుకుంది.

ఇక అంజనమ్మకు అక్కడ పని లేదు. బొంత మడిచి పెట్టుకుంది. బస్టాండులో హిందూపురం ఆఖరి బస్సు హారన్ కొట్టింది. ఆ బస్సు పోతే మడకశిర చేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. మదీనాబీ పొయ్యి మీద టీ పెట్టి, రెండో గ్లాసు కోసం గూట్లో వెతుకుతోంది. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించినా అంజనమ్మ చాప మీద నుంచి లేవలేదు.