రెండో సూది

పూర్ణిమ జవళగిరిలో బస్సు దిగింది. పొద్దున ఏమీ తినలేదు. మర్నాడు కృష్ణగిరిలో పశువైద్యుల సభ. అందులో ఆమె మొదటిసారి లేచి నిలబడి తను కనిపెట్టింది చెప్పాలి. ఆ కనిపెట్టింది నిజమో కాదో ఈ ఊరి గొర్రెల కాపరి నాగన్న మందలోని గొర్రెలు చెప్పాలి. అందుకే, రమ్మని ఎవరూ అనకపోయినా, కాలు నిలవక వచ్చింది.

పూర్ణిమది తెనాలి దగ్గర పల్లె. పశువైద్యం ముగించి, పరిశోధన కోసం హోసూరు చేరింది. మత్తిగిరిలో గది తీసుకుని, రెండువేల నాలుగు మొదలైన దగ్గర్నుంచీ ఈ అడివంచు ఊళ్ళలో గొర్రెల వెంట తిరుగుతోంది. ఆమె పట్టుకున్నది కాలేయం, ఊళ్ళవాళ్ళ మాటలో కార్జం, సంగతి. చెరువుల వారన మేసే గొర్రెల కార్జంలో జలగలనే చదును పురుగులు చేరి తొలుస్తాయి. మందు తాపితే జలగలు చస్తాయి, చిల్లులు పడ్డ కార్జం మళ్ళీ పెరిగి పూడుకుంటుంది. పోయినదాన్ని అంతగా పెంచుకునే గుణం ఒంట్లో మరే పెద్ద అవయవానికీ లేదు. చిక్కల్లా మంటతోనే, అంటే లోపలి వాపుతోనే. జలగల మీదికి ఒళ్ళు పంపిన దండు, జలగలు చచ్చాక కూడా ఊరు వదలక ఆ కార్జాన్నే వాపెక్కిస్తుంది. ఆ దండును మందుతో తరిమేస్తే కార్జం తొందరగా కోలుకుంటుందా? లేక కూలిన గోడలు కట్టే మేస్త్రీలు కూడా ఆ దండులోనే ఉన్నారా? ఎలుకల్లో చూసినవాళ్ళు, కొంత మంట ఉంటేనే కార్జం పెరుగుతుందన్నారు. గొర్రెలో ఎట్లాగన్నదే పూర్ణిమ ప్రశ్న.

నాగన్న మందలో జబ్బుపడ్డ గొర్రెలన్నిటికీ జలగల మందు తాపింది. అన్నిటికీ మెడ దగ్గర సూది గుచ్చి నెత్తురు తీసేది. సగం గొర్రెలకు చెవిలో నీలం బిళ్ళ వేసి, వాటికి మాత్రం మంట తగ్గించే మందు రెండో సూదిగా ఇచ్చేది. మిగతావి ఎర్రబిళ్ళవి, వాటికి ఆ సూది లేదు.

నెత్తురు పరీక్షల్లో వింత బయటపడింది. నీలంబిళ్ళ గొర్రెల్లో మంట తగ్గాల్సింది పోయి పెరిగింది. ఐనా వాటి కార్జం ఎర్రబిళ్ళవాటికన్నా చురుగ్గా కోలుకుంది. అంటే మందు ఆర్పిన మంటను ఒళ్ళు తన అవసరం కొద్దీ మళ్ళీ రాజేసుకుంటోందన్నమాట. పూర్ణిమ ఎగిరి గంతేసింది. ఆమె గైడు ఈశ్వరప్ప, ఎవరినీ ఊరికే మెచ్చని మనిషి, సభలో నువ్వే చెప్పమన్నాడు. కానీ తళి దగ్గర రెండో మందలో ఆ వింత రాలేదు. అక్కడ మంట బుద్ధిగా తగ్గింది. "చిన్న మంద, పట్టించుకోవద్దులే" అన్నాడాయన. ఆ మాట ఆమెకు చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

దొడ్డి దగ్గర నాగన్న భార్య గంగక్క పెంట ఎత్తుతోంది. పూర్ణిమను చూసి తట్ట దించింది.

"ఈ పొద్దు నెత్తురు తీసే పొద్దు కాదు గదమ్మా?"

"ఊరికే చూసిపోదామని వచ్చాను గంగక్కా. గొర్రెలు ఎక్కడ?"

"ఆడ, అడివి వారన ఉండాయి. నువ్వు పోవద్దు. ఆ తెల్లకోటు చూస్తే ఏనుగు, చుట్టమొచ్చిందని ఎదురొస్తాది. ఈడే కూర్చో."

పూర్ణిమ కూర్చోలేదు. దొడ్డి చుట్టూ తిరిగింది, తడిక పట్టుకుని ఊపింది, మళ్ళీ వచ్చింది.

"గొర్రెలకు ఆకుపసరు ఏమైనా తాపారా?"

"లేదమ్మా. నోట్లోకి ఏ మందూ పొయ్యొద్దంటివి. దేవునితోడు, పొయ్యలేదు."

ఆ జవాబు మరీ కొలిచి పెట్టినట్టుగా తోచింది పూర్ణిమకు. నోట్లోకి పొయ్యలేదు, సరే. మరి నోరు కానిచోట?

ఎండ నెత్తికెక్కే వేళకు నాగన్న మందను తోలుకొచ్చాడు. పూర్ణిమ పలకరింపు కూడా లేకుండా ఒక నీలంబిళ్ళ గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించుకుని, కుడి డొక్క మీద బొచ్చు పాయలు తీసింది. చెయ్యి పొట్ట వైపు దిగగానే గొర్రె గిలగిల్లాడింది. దట్టమైన బొచ్చు కింద, బూడిదా వేపనూనే పూసి, వేలెడు పొడవున కాలిన గాట్లు కనిపించాయి. కొన్ని పక్కు కట్టాయి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇంకో నీలంబిళ్ళ గొర్రెను పట్టింది. దానికీ అంతే. ఎర్రబిళ్ళవాటి చర్మం నున్నగా ఉంది.

"నాగన్నా, ఏంటిది?"

"నన్నడగొద్దమ్మా. మందను తోలుకుపోయేది నేను, వాతలు పెట్టేది ఆమె" అన్నాడు నాగన్న, ఆకాశం కేసి చూస్తూ.

గంగక్క జంకలేదు. "కొడవలి కొన కాల్చి పెట్టినాను. కార్జం జబ్బుకు మా అమ్మకాలం నుంచి పెట్టేదే."

"మరి నీలంవాటికే ఎందుకు పెట్టావు?"

"అవే గదా చచ్చేటివి."

"చస్తాయని ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్తివి. అన్నిటికీ ఒక సూదేస్తివి, వాటికి రెండేస్తివి. మా మామకు పోయే కాలమొచ్చినప్పుడు ఆస్పత్రిలో అట్లే జేసినారు. సూది మింద సూదేసినారు, ఏమప్పా అనడిగితే మొగం తిప్పుకున్యారు. నువ్వూ అట్లే తిప్పుకుంటివి. ఆడకూతురు, నోరారా ఎట్ల చెప్తాదిలే అనుకున్యాను."

పూర్ణిమకు గుర్తొచ్చింది. ఏ గుంపు ఎందుకో గొర్రెలవాళ్ళకు చెప్పకూడదని ఈశ్వరప్ప కట్టడి. గంగక్క అడిగిన రోజు, అబద్ధం చేతకాక తను నిజంగానే మొహం తిప్పుకుంది.

"జబ్బు చూసి కాదు గంగక్కా. చీటీలేసి తీశాం, ఏవి నీలం, ఏవి ఎరుపు అని."

"చీటీలేసి మందిస్తారా?" గంగక్క మొగుడి కేసి తిరిగింది. "ఇంటివా? నాకు యానాడూ పడని చీటీ నా గొర్రెలకు పడిందంట."

పూర్ణిమ నవ్వే స్థితిలో లేదు. కాలిన ఒంట్లో మంట పెరక్క ఏమవుతుంది? కనిపెట్టినదాంట్లో ఆ సగం తేలిపోయింది. కార్జం చురుగ్గా కోలుకున్న సగమైనా మిగులుతుందేమోనని ఒక చివరి ఆశ.

"వాటికి మేత కూడా వేరేగా పెట్టావా?"

"పెట్టకుండా? పొయ్యే జీవానికి కడుపు మాడ్చేదా? పొద్దున ఇంత ఉలవలు, సాయంత్రం పచ్చిగడ్డి. మేత మందు కాదు గదమ్మా."

కార్జం కోలుకున్నది ఆ మేతతోనో, మందుతోనో ఇంకెవరూ చెప్పలేరు.

బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులో నుంచి ఈశ్వరప్పకు ఫోన్ చేసింది. మాట తడబడకుండా మొత్తం చెప్పేసింది.

"ఆ మందను తీసేస్తే మన దగ్గర కొత్తదేమి మిగుల్తుంది?" అన్నాడాయన.

"ఏమీ లేదు సార్. తప్పు మనదే. ఎర్రవాటికి కూడా రెండో సూది వెయ్యాల్సింది, ఉత్త ఉప్పునీళ్ళదైనా."

"అనుకున్నామే. గొర్రెకేమి తెలుస్తుంది, ఏ సూది ఎవరికి పడిందో, అనేసి వదిలేస్తిమి."

"గొర్రెకు తెలీదు సార్. గంగక్కకు తెలుస్తుంది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరే. రేపటికి నువ్వు రావద్దులే. ఒంట్లో బాగలేదని చెప్తాను."

వెళ్ళకపోతే బతికిపోయినట్టే. కానీ ఆ అబద్ధం నోట్లో వేసుకుని మత్తిగిరి గదిలో ఒక్కతే ఎట్లా కూర్చుంటుంది? కూర్చోలేనని ఆమెకు తెలుసు.

"వస్తాను సార్. జరిగింది జరిగినట్టు చెప్తాను."

"నవ్వుతారమ్మా."

"నవ్వనివ్వండి. వాళ్ళ మందల్లోనూ బొచ్చు పాయలు తీసి చూసుకుంటారు."

"చెప్పుకో పో" అన్నాడు. అది కోపమో ఒప్పుకోలో తేలకముందే ఫోన్ పెట్టేశాడు.

హోసూరు బస్సు హారను కొడుతూ నిలబడి ఉంది. పూర్ణిమ అది ఎక్కకుండా గబగబా మళ్ళీ దొడ్డికి నడిచింది. తన సంచిలోని పూతమందు తీసి, నాగన్న గొర్రెలను పట్టుకుంటే, పచ్చిగా ఉన్న గాట్లన్నిటికీ రాసింది.

"వానలు పోయాక కొత్తగా జబ్బుపడ్డవాటితో మళ్ళీ మొదలుపెడదాం గంగక్కా. మీ మందే కావాలి."

"నేను చెడగొట్టినా మా మందే కావాలా?"

"నువ్వు ఏం చేశావో దాచకుండా చెప్పావు. ఇంకో ఊళ్ళో చెప్పరు. ఈసారి అన్నిటికీ రెండు సూదులూ పడతాయి. ఏది మందో, ఏది ఉప్పునీళ్ళో నాకు కూడా తెలీదు."

"నీకే తెలీదా?" గంగక్క ఆమెను ఎగాదిగా చూసింది. "మంచి డాక్టరమ్మవు. అన్నిటికీ రెండేసి సూదులు పడితే, మంద మొత్తం పొయ్యేదేనని అన్నిటికీ వాత పెడతాను నేను."

నాగన్న కిసుక్కున నవ్వాడు. ఇది పరాచికమేనా అని పూర్ణిమ గంగక్క మొహంలోకి చూసింది. గంగక్క మాత్రం నవ్వలేదు.