గూడూరు సంతకం

ఇల్లు కొనాలని ఎవరైనా నన్ను సలహా అడిగితే నేను గోడల గురించి మాట్లాడను. సున్నం కొట్టిన గోడను చూసి ఎవరైనా మోసపోతారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పోయి బావిలో చేద వేసి చూడమంటాను. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు పోయి వంటింట్లో నిలబడి తల పైకెత్తమంటాను. పక్కింటావిడతో ఒక పూట కూర్చుని మాట్లాడమంటాను. అమ్మేవాడు దాచిపెట్టిన సంగతులన్నీ ఆమె అడక్కుండానే చెబుతుంది. ఇవన్నీ అయ్యాక, ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు ఎంతమందో లెక్కపెట్టమంటాను. ఈ మాట అనగానే మగవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ నవ్వుకు భయపడి ఉంటే నేను ఇంకా బాడుగ ఇంట్లోనే ఉండేదాన్ని.

మా పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో చిత్తూరులోనే పదకొండు ఇళ్ళు మారాం. మా ఆయన ధనంజయ బస్సు డిపోలో మెకానిక్కు. నేను కుట్టుమిషను పెట్టుకుని రవికలు, కమీజులు కుట్టేదాన్ని. ఒక ఇంటాయన మిషను చప్పుడుకు నిద్ర పట్టడం లేదన్నాడు. ఒకావిడ మేం నీళ్ళు ఎక్కువ వాడుతున్నామంది. ఇంకొకరు కొడుకు పెళ్ళన్నారు. ఆ పెళ్ళి ఇప్పటికీ కాలేదు. పదకొండో ఇల్లు శకుంతలమ్మది. 1981లో ఉగాది వెళ్ళిన మూడో రోజు ఆమె వచ్చి, తమ్ముడు వస్తున్నాడు, ఆషాఢం లోపల ఖాళీ చెయ్యండి అని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, నేను కుట్టిన రవిక నాకే చూపించి చంక దగ్గర బిగుతుగా ఉందని కూడా అని పోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి సామాను ఎత్తితే సొంత ఇంట్లోనే దించాలని మా ఆయనతో తేల్చి చెప్పేశాను.

"సొంతిల్లంటే మాటలా?" అన్నాడాయన.

"మాటలు గాదు. నా మెళ్ళో గొలుసుండాది, నా చీటీ డబ్బులుండాయి, నీకు సొసైటీలో లోను వస్తాది. పోయి ఇల్లు సూడు," అన్నాను.

అలా దొరికింది ఖాదర్ బాషా ఇల్లు. మూడు గదుల పెంకుటిల్లు, వెనక బావి, బావి పక్కన నా మిషనుకు సరిపోయే వసారా. వాళ్ళ నాయన వలి బాషా కట్టించిన ఇల్లది. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ పోయారు. ఖాదర్ బాషాది గాజుల వ్యాపారం. పుత్తూరు బజారులో అంగడి కొనుక్కుని సంసారం అక్కడికే మార్చాలని ఇల్లు అమ్ముతున్నాడు. మర్యాదస్తుడు. బేరం గంటలో తెగింది. అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల్లో రిజిస్ట్రేషనని అగ్రిమెంటు రాసుకున్నాం. దస్తావేజులు రాసే శాంతయ్య, ఇంటి మీద అప్పుసప్పులు ఏవీ లేవని చెప్పే ఈసీ కాగితం కూడా రిజిస్ట్రారాఫీసు నుంచి తెప్పించి ఇచ్చాడు. బావి నీళ్ళు తాగి చూశాను, తియ్యగా ఉన్నాయి.

గడువు ఇంకా పది రోజులుందనగా, వసారాకు తడిక కట్టించాలని కొలత తీసుకోవడానికి వెళ్ళాను. ఖాదర్ బాషా భార్య రంజాన్‌బీ సామాను సర్దుతోంది. మధ్య గదిలో ఒక మంచం, దాని మీద ఉతికిన దుప్పటి. ఆ గదిలో ఎవరూ ఉంటున్నట్టు లేదు.

"ఈ గది ఎవురిది?" అని ఊరికే అడిగాను.

"మా ఆడబిడ్డది అక్కా. గూడూరునించి పండక్కొస్తే ఆమె ఈడే పండుకుంటాది," అంది రంజాన్‌బీ.

"మీకు ఆడబిడ్డ ఉండాదా?"

"ఒకతే. వహీదున్నీసా."

నా చేతిలో టేపు అట్లాగే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళకు బట్టలు కుట్టినదాన్ని. కొలతలిస్తూ వాళ్ళు చెప్పుకునే సంగతుల్లో ఎన్నోసార్లు విన్నాను, వాళ్ళలో తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఉందని, కొడుక్కి రెండు భాగాలైతే కూతురికి ఒకటని. వింటూ సూదిలో దారం ఎక్కించుకున్నాను, ఊ కొట్టాను, మరిచిపోయాను. మా ఇళ్ళల్లో ఆడపిల్లను పెళ్ళి చేసి పంపితే ఇంక ఆమె సంగతి ఎవరూ ఎత్తరు. ఆ అలవాటుతోనే ఈ ఇంటినీ చూశాను. సిగ్గుపడ్డాను.

అక్కడినుంచి నేరుగా శాంతయ్య దగ్గరికి పోయాను. రిజిస్ట్రారాఫీసు అరుగు మీద చిన్న బల్ల వేసుకుని కూర్చుని ఉంటాడాయన.

"పెండ్లి చేసి పంపించినారు గదమ్మా, ఆమె సంతకమెందుకు?" అన్నాడు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"రేపు ఆమె వచ్చి నా భాగం యాడ అంటే నువ్వొచ్చి జవాబు చెప్తావా?"

"ఇన్నేండ్లు అడగని మనిషి ఇప్పుడొచ్చి అడగతాదా?"

"అడగదని నువ్వు స్టాంపు పేపరు మీద రాసియ్యి. నేను ఇంటికి పోతా."

ఆయన బల్ల మీద కాగితాలు అటూ ఇటూ జరిపి ఖాదర్ బాషాకు కబురు పంపాడు.

ఖాదర్ బాషా బాగా నొచ్చుకున్నాడు. "నా చెల్లెలు నా మాట దాటదమ్మా. నాకిది కావాల అని ఒకనాడూ అడిగింది లేదు," అన్నాడు.

"ఆమె అడగలేదు, సరే. ఇల్లు అమ్మతా ఉండానని నువ్వు చెప్పినావా?"

ఆయన శాంతయ్య వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "యెట్లా చెప్పేది? నాయన కట్టిన ఇంట్లో నీకింక ఏమీ లేదు, సంతకం పెట్టు అని నా నోటితో యెట్లా అనేది? నాకు సిగ్గుగాదా? ఇష్టముంటే కొనండి. లేదంటే మామిడి మండీ దేవరాజులు ఇంకా ఎక్కువిస్తానని తిరగతా ఉండాడు. ఆయప్ప ఇవన్నీ అడగడు."

ఇంటికొచ్చాక మా ఆయన నా మీద లేచాడు. "చేతికొచ్చిన ఇల్లు నోరు పెట్టి చెడగొట్టుకుంటా ఉండావు. పన్నెండో బాడుగింటికి పోదామా?"

నాకు భయం వేసింది. ఆ వసారాలో మిషను ఏ మూల పెట్టాలో, వెలుతురు ఎటునుంచి వస్తుందో కూడా అనుకుని ఉన్నాను. కానీ ఆ సంతకం లేకుండా లోపలికి పోతే, ఎవరు తలుపు తట్టినా ఖాళీ చెయ్యమనడానికే వచ్చారేమో అని అదిరిపడుతూ బతకాలి. పద్నాలుగేళ్ళు అట్లాగే బతికాను. ఇంక నావల్ల కాదు. రంజాన్‌బీ దగ్గర అడ్రసు రాయించుకుని మర్నాడు పొద్దున మొదటి బస్సుకు తిరుపతి పోయి, అక్కడినుంచి గూడూరు రైలెక్కాను.

గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులో ఇల్లు. వహీదున్నీసా వాకిట్లో గోనెపట్ట పరుచుకుని కాయలు ఏరుతోంది, పెద్దవి ఒక బుట్టలోకి, మచ్చలవి ఒక బుట్టలోకి. నలభై లోపే ఉంటుంది. చిత్తూరు నుంచి వచ్చానని చెప్పగానే ముఖం వెలిగిపోయింది. "మా అన్న పంపించినాడా? అందరూ బాగుండారా?" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చెంబుతో నీళ్ళిచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు, ఈమెకు ఏమీ తెలియదని. చెప్పాల్సింది నేనే.

చెప్పాను. నాన్చకుండా చెప్పాను.

"ఇల్లు అమ్మేస్తా ఉండాడా?" అంది. లేచి వాకిట్లోకి పోయి మళ్ళీ కాయలు ఏరింది. పెద్దవీ మచ్చలవీ అన్నీ ఒకే బుట్టలో వేస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఓదార్చడానికి నాకు నోరు రాలేదు. ఆమె ఇల్లు కొంటున్నది నేనే కదా.

కాసేపటికి నా వైపు తిరిగింది. "మా అన్న అడిగుంటే పైసా అడక్కుండా పెట్టేదాన్ని సంతకం. ఆయప్ప అడగలేదు. నువ్వెవురివో, నీకెందుకు ఇంత దూరం?"

"నీకోసరం రాలేదమ్మా, నాకోసరమే వచ్చినా," అన్నాను. "పదకొండు ఇండ్లలో నన్ను లెయ్యమన్నారు. ఇంకొకరి భాగం మీద మంచమేసుకుని పండుకుంటే నాకు నిద్ర రాదు. నువ్వు సంతకం పెడితే కొంటా. పెట్టనంటే అడ్వాన్సు పోతే పోనీ, వదులుకుంటా."

ఆమె నా ముఖం వంక తేరిపార చూసింది. "రిజిస్ట్రేషను నాడు వస్తా. ఏం చేసేదీ ఆడనే చెప్తా," అంది. అన్నం పెట్టకుండా పంపలేదు. తిరుగు రైల్లో ఆమె ఏం చేస్తుందో అని తలపగిలేట్టు ఆలోచించాను.

రిజిస్ట్రేషను రోజు రానే వచ్చింది. పదకొండు గంటలకు మేమందరం శాంతయ్య అరుగు దగ్గర ఉన్నాం. దేవరాజులు కూడా వచ్చి, బేరం చెడితే పట్టుకుందామని బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. వహీదున్నీసా బురఖాలో బస్సు దిగి ఒంటరిగా నడిచి వచ్చింది. అన్నకు సలాం చెప్పింది. ఖాదర్ బాషా తల ఎత్తలేకపోయాడు.

"సంతకం పెడతా. నా భాగం నాకియ్యి," అంది.

"అంగడికి మాటిచ్చేసినానే. మూడో వంతు తీసేస్తే నాకేం మిగలతాది? ఇంతమంది ముందర నా పరువు తీస్తావా?"

"నేను తియ్యలేదు భాయ్. నీ ఇంట్లో నాకొక గది ఉండాదని వదిన అందరితో చెప్పుకుంటాది. నేనూ గూడూరులో చెప్పుకుంటా. ఆ గది నన్నడక్కుండా అమ్మినావు. నన్ను ఇంక యాడికి రమ్మంటావు?"

ఖాదర్ బాషా ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. ఈ తగువు నాకెందుకబ్బా అని గొణుక్కుంటూ దేవరాజులు బీడీ పారేసి వెళ్ళిపోయాడు. నేను ఊరుకోలేదు. "డబ్బు రెండు మూటలుగానే ఇస్తా. ఆమెది ఆమె చేతికే. లేదంటే రిజిస్ట్రేషనే లేదు," అన్నాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. గిల్లుకోనీ అనుకున్నాను. ఖాదర్ బాషా తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "తప్పు నాదే. ఇయ్యండి," అని చెల్లెలి తల మీద చెయ్యి పెట్టాడు. చిన్న అంగడి చూసుకుంటానన్నాడు. ఆమె అప్పుడు ఏడ్చింది.

శాంతయ్య హడావుడిగా కాగితాలు ముందుకు తోశాడు. నేను గూడూరు నుంచి వచ్చి చెప్పాక, ఆమె పేరు చేర్చి కొత్తగా రాసి ఉంచాడు. "ఈడ సంతకం పెట్టమ్మా."

"నాకు తెలుగు సదవను రాదు. అంతా సదివి వినిపించు," అంది వహీదున్నీసా.

విసుక్కుంటూ చదివాడు. అమ్మేవారు ఖాదర్ బాషా, వహీదున్నీసా. కొనేవారు ధనంజయ. నాలుగు దిక్కుల హద్దులు, బావి, వసారా, పెంకులతో సహా చదివాడు. నేను తలూపుతూ విన్నాను. ఎంత శ్రద్ధగా విన్నానంటే, హద్దుల్లో ఉత్తరం వైపు ఇంటాయన పేరు తప్పు రాస్తే దిద్దించాను కూడా.

వహీదున్నీసా కలం తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "గూడూరుకొచ్చిన మనిషి పేరు యాడ?"

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. అదే నన్ను ఈ రోజుకీ కోస్తుంది. అమ్మేవాళ్ళ వైపు ఒక్కొక్క పేరూ తవ్వి తీసినదాన్ని, కొనేవాళ్ళ వైపు ఒక్కసారి చూసుకోలేదు.

"మొగుడి పేరు రాస్తే ఆమె పేరు రాసినట్టే గదమ్మా," అన్నాడు శాంతయ్య.

"మా అన్న పేరు రాస్తే నా పేరు రాసినట్టే అని గూడా నువ్వే అనింటావు," అంది వహీదున్నీసా. తర్వాత నా వైపు తిరిగింది. "పదకొండు ఇండ్లలో లెయ్యమన్నారన్నావే. ఈ ఇంట్లో నిన్ను లెయ్యమనేదానికి ఈయప్ప ఒకడు మిగిలినాడు గదా."

మా ఆయన ముఖం ఎర్రబడింది. "నేనెందుకు లెయ్యమంటాను? మేమిద్దరం ఒకటే," అన్నాడు. నిజమే, ఆయన అట్లాంటివాడు కాదు. కానీ వలి బాషా మంచివాడు కాదా? ఖాదర్ బాషా మంచివాడు కాదా? నా మెడ మీదికి చెయ్యి పోయింది. గొలుసు లేదు, దాన్ని అమ్మి ఈ ఇంటి డబ్బులో కలిపేశాను.

"నా పేరు రాయి శాంతయ్యా," అన్నాను.

"స్టాంపు పేపరు నిండిపోయిందమ్మా, యాడ రాసేది?"

"వరసల మధ్యలో రాయి. సన్నంగా రాయి. చేర్చినామని చివర్లో ఇంకో వరస రాసి అందరి చేతా సంతకాలు తీసుకో. నీకు తెలీని పనా?"

ఆయన మా ఆయన వైపు చూశాడు. నేనూ చూశాను. మా ఆయన గొలుసు లేని నా మెడ వంక చూసి, "ఆమె గొలుసే ముందు పడింది దీంట్లో. రాయప్పా," అన్నాడు.

"ఆమె పేరు పడేదాకా నేను కలం ముట్టను," అంది వహీదున్నీసా, చేతులు బురఖాలోకి లాక్కుని.

శాంతయ్య సిరాబుడ్డి దగ్గరికి జరుపుకుని, గొణుక్కుంటూ, రెండు వరసల మధ్య చీమల్లాంటి అక్షరాలు పేర్చాడు. సిరా ఆరేదాకా ఊది, పైకి చదివాడు: "ధనంజయ మరియు ఆయన భార్య మునిరత్నమ్మ."

"ఇంకోసారి సదువు," అన్నాను.

చదివాడు.