తడి తరుగు

బిక్షపతి బాపు నోట్‌బుక్‌లో వారం రోజులుగా ఒకటే అంకె ఉంది: యాభై ఎనిమిది. కాళ్లు చూస్తే చెప్పుల్లో పట్టడం లేదు.

నేను బచ్చన్నపేట దగ్గర సబ్‌సెంటర్‌లో నర్సును, శోభారాణిని. బాపు గుండె బలహీనపడింది, ఒంట్లో నీరు చేరుతుంది. అందుకే బరువు మిషన్ ఇచ్చాను. పొద్దున్నే చాయ్ తాగకముందే ఎక్కి రాసుకోవాలని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలని, ఉప్పు తగ్గించి తొక్కు పచ్చళ్ల జోలికి పోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఫోన్ రాలేదు. ఇవాళ నేనే వాళ్లింటికి వచ్చాను.

"పండుకుంటే దమ్ము ఆడ్తలేదట. గోడకు ఒరిగి కూసుంటుండు బిడ్డా," అంది ఆయన భార్య అండాలు. ఆమెకు భయంగా ఉంది.

మిషన్ చెడిందా? నేనెక్కి చూశాను. నా బరువు సరిగ్గా చూపించి పరువు తీసింది. బాపును ఎక్కించాను. అరవై ఒకటి!

నాకు ఒళ్లు మండింది. "ఎక్కకుండనే రాస్తున్నవా బాపూ? పాణంతోటి ఆటలా?"

"ముప్పై ఏండ్లు పత్తి కాంటా కాడ పని చేసిన. దొంగ లెక్క రాస్తనా?" అని ఆయన నామీదే గుర్రుమన్నాడు. "రోజూ ఎక్కిన. తరుగు తీసి రాసిన."

"ఏం తరుగు?"

"నీళ్ల తరుగు! తడి పత్తి వస్తే తేమకు తీసెయ్యమా? పత్తిని పిడికిట్ల ఒత్తి చూసినట్టు కాలు ఒత్తి చూసిన. సొట్ట పడ్డది. అంటే నీళ్లే గద. నీళ్లు నా బరువెట్లయితది?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను వెతుకుతున్నది ఆ నీళ్లనే. వాటినే ఆయన తీసి పారేశాడు.

"ఏ రోజు ఎంత తీసినవో యాదికున్నదా?"

"కాంటా మనిషిని, యాదికుండదా? సోమారం ఏం తియ్యలే. మంగళారం అర కిలో, బుధారం కిలున్నర, నిన్న రెండు. ఇయ్యాల మూడు."

రాసి లెక్క చూశాను. నాలుగు రోజుల్లో మూడు కిలోలు. అక్కడే నిలబడి 108కి ఫోన్ చేశాను.

బండి ఎక్కిస్తూ అండాలు కళ్లు తుడుచుకుంటూనే దులిపేసింది. "ఊరోళ్లందరికి తరుగు తీసి తీసి, ఆఖరుకు నీకు నువ్వే తీసుకున్నవా! నీ కాంటా పాడుగాను!"



జనగామ దవాఖానలో వారం ఉండి, నీరు తగ్గాక ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున ఆరింటికే నా ఫోన్ మోగింది.

"బిడ్డా, యాభై ఎనిమిదిన్నర. ఉన్నదున్నట్టు చెప్తున్న."

"అర కిలోకు పరేషాన్ గాకు బాపూ. రేపు మళ్ల చూడు."

"జర ఆగు, ఇంకోటున్నది." గొంతు తగ్గించాడు. "నిన్న మామిడికాయ తొక్కు తిన్న. అండాలుకు తెల్వది. గది గూడ రాసుకో."

"నాకెందుకు తెల్వది!" వెనక నుంచి అండాలు కేక వినబడింది. "తొక్కు సీసా నిన్ననే శోభ ఇంటికి పంపిన్నని చెప్పు!"

సీసా నా ముందే ఉంది. రాసుకున్నాను.