ఇంట్లో ఉన్న మిషను

"నీళ్లు కాగినాయి, స్నానానికి లెయ్" అని వనజమ్మ చెప్పింది. వంటింట్లోంచి నడవలోకి వచ్చి, మొగుడి ఎదురుగా నిలబడి మరీ చెప్పింది. తిమ్మారెడ్డి పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు. గంట తర్వాత బాత్‌రూమ్‌లోంచి కేక.

"చన్నీళ్లు పోసుకోవాల్నా నేను? కాగినాయని చెప్పొద్దా?"

"చెప్పినా."

"చెప్పలే. చెప్పినా అనుకుంటాండావు. నీకు మతి తప్పింది."

జమ్మలమడుగులోని ఆ ఇంట్లో అయిదారేళ్లుగా ఇదే వరస. తిమ్మారెడ్డికి చెవులు మందగించాయి. ఆయన మాత్రం ఒప్పుకోడు. ఆయన చెవిన పడలేదంటే ఆ మాట పుట్టనే లేదని లెక్క. పుట్టని మాటను చెప్పానంటోంది కాబట్టి పెళ్లాం మతిమరుపు మనిషి. ఎంత సులువైన లెక్కో! పెళ్లయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైతే ఆమె చెయ్యి మంచిది కాదన్నాడు. వాన రాకపోతే ఆమె కాలు మంచిది కాదన్నాడు. ఇప్పుడు తన చెవి పోతే ఆమె బుర్ర మంచిది కాదంటున్నాడు.

ఈ చెవుడు ఊరికి తెలియకుండా దాచింది వనజమ్మే. అది తన తెలివితక్కువతనమని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఇంటికెవరైనా వచ్చి మాట్లాడుతుంటే తిమ్మారెడ్డి మీసం దువ్వుకుంటూ తల ఊపుతాడు. వాళ్లు ఏదో అడిగి ఆగితే ఒక్కసారి ఆమె వైపు చూస్తాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ఆమె అక్కడ ఉండాలి. కాఫీ గ్లాసు అందిస్తూ, "పెండ్లి పులివెందల్లో పెట్టుకున్నామంటాండాడు, ఎండలో అంత దూరం మనం పోగలమా?" అని తనలో తాను అనుకుంటున్నట్టు గట్టిగా అనాలి. అప్పుడాయన గొంతు సవరించుకుని, "పులివెందలైతే ఏంది, వస్తాంలేప్పా" అంటాడు. వచ్చినవాళ్లు పోతూ పోతూ, రెడ్డి తొందరపడి మాట్లాడడు, ఆలోచించి తూకంగా మాట్లాడతాడని మెచ్చుకుంటారు. ఆలోచనంట! ఆ ఆలోచన వంటింట్లోంచి గ్లాసు పట్టుకొని నడిచి రావాలి పాపం.

అంత చేసినా దక్కింది మతిమరుపు పేరు. "మీ అమ్మ చెప్పంది చెప్పినానంటాది" అని తిమ్మారెడ్డి కొడుకు దగ్గర పదే పదే అన్నాడు. కొడుకు నాగేంద్ర ఫోన్లో వీడియోలు చూసే మనిషి. వయసు మళ్లినవాళ్ల మతిమరుపు మీద వరసగా నాలుగు చూసి, తల్లి జబ్బేదో తనే తేల్చేశాడు. పులివెందుల దగ్గర వనజమ్మకు వాళ్లమ్మ ఇచ్చిన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. మొక్కలు నాటించినప్పటి నుంచీ ఆ తోట ఆమెదే. పొద్దున్నే బస్సెక్కి పోయి, మోటారు రూము తాళం తీసి, నీళ్లు పెట్టించి, సాయంత్రానికి తిరిగొచ్చేది. తోటకు పోయిన ఆ ఒక్క రోజు ఎవరి మాటా ఇంకొకరికి తిరిగి చెప్పే పని ఉండేది కాదు.

"ఒక్కదానివి పోతే యాడన్నా దోవ తప్పుతావు. ఇంగ నేను చూసుకుంటాలేమా" అని నాగేంద్ర తాళాలు తీసుకున్నాడు. ఆనాటి నుంచి అవి అతని జేబులోనే ఉన్నాయి. తోట ముఖం మాత్రం అతను నెలకోసారి చూస్తే గొప్ప.

తాళాలు పోయినందుకు వనజమ్మ ఏడ్చింది. అంతకన్నా పాడు సంగతి ఇంకోటి జరిగింది. వాళ్ల మాట ఆమె తలలోకి కూడా దూరింది. గ్యాస్ కట్టేసి వచ్చి మళ్లీ పోయి చూసుకునేది. అంట్లు తోముతూ తోటలో ఏ సాలు పక్కన ఏ సాలు ఉందో, ఏ చెట్టు ముందు కాపుకొచ్చిందో గుర్తు చేసుకునేది. అన్నీ గుర్తుండేవి. అయినా నిజంగానే తన తల పోతోందేమో, రేపు తన పేరే తనకు తెలియకుండా పోతుందేమో అని భయపడేది. ఒక మనిషి చేత ఆ మనిషి బుర్రనే అనుమానించేలా చెయ్యడం కంటే నీచం ఏముంటుంది? పైగా ఇదంతా ఆమె మంచి కోసమేనట.

చివరికి ప్రొద్దుటూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. డాక్టరమ్మ కొన్ని మాటలు చెప్పి, కాసేపు అవీ ఇవీ అడిగి, ముందు చెప్పిన మాటలేవో చెప్పమంది. వనజమ్మ ఒక్కటీ వదలకుండా చెప్పింది. చివర్లో, "మీ టేబుల్ మీద పూలకుండీ నేనొచ్చినప్పుడు ఆ పక్కనుండె" అని కూడా చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, తిమ్మారెడ్డిని అడిగింది. "ఈవిడ ఏమేం మర్చిపోతున్నారండీ?"

తిమ్మారెడ్డి తల ఊపాడు. తర్వాత పెళ్లాం వైపు చూశాడు. ఆ చూపు డాక్టరమ్మ పట్టేసింది. వనజమ్మను మాట్లాడొద్దని చేత్తో ఆపి, ఆయన వెనక్కి పోయి నిలబడి రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. తిమ్మారెడ్డి కదల్లేదు, గోడ మీది క్యాలెండర్ వైపు పెద్దమనిషిలా చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మకు జ్ఞాపకం బాగుంది. నాన్నగారికే వినికిడి బాగా తగ్గింది" అని ఆమె నాగేంద్రతో చెప్పింది. "చెవికి మిషను పెట్టించండి. ఇలాగే వదిలేస్తే ముందు ముందు ఆయనకే మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువ."

ఆ మాటను ఆయన చెవిలో కొడుకు అరిచి చెప్పాల్సి వచ్చింది. తిమ్మారెడ్డి ఎగిరిపడ్డాడు. "నాకేమైంది? చెవిలో బిరడా పెట్టుకొని నలుగురిలో తిరగాల్నా?"

కారులో తిరిగి వస్తుంటే వనజమ్మ చెయ్యి చాపింది. "తాళాలియ్యప్పా. బాగుండానని చెప్పింది కదా."

"మొదట్లో ఈ జబ్బు టెస్టులకు దొరకదంటమా. చూద్దాంలే" అన్నాడు నాగేంద్ర.

"మామకు మిషనెందుకులే అత్తా" అంది కోడలు గీతాంజలి, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ముద్దుగా. "నువ్వు పక్కనుంటే చాలదా? ఇంట్లోనే మిషనుండాది కదా!"

అందరూ నవ్వారు. ఏం వినపడిందో ఏమో తిమ్మారెడ్డి కూడా నవ్వాడు. వనజమ్మకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. చీదర పుట్టింది. ఇన్నేళ్లుగా తను ప్రేమనీ బాధ్యతనీ పేర్లు పెట్టుకొని చేసిన పనికి ఆ పిల్ల అసలు పేరు చెప్పింది. మతి తప్పిన మిషనుకు తోట ఇవ్వరు, కానీ దాంతో పని మాత్రం చేయించుకుంటారు.

చీనీ బేరానికి ఉమైర్ వస్తున్నాడన్న రోజు ఆమెను కూడా తోటకు రమ్మన్నారు. ఎందుకో ఆమెకు తెలుసు. ప్రొద్దుటూరు వ్యాపారి ఉమైర్. తిమ్మారెడ్డి మోటారు రూము ముందు మంచం మీద కూర్చుని, పాత కాలపు అలవాటుగా అతని చేతి మీద టవలు కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర కుదిర్చాడు. ఆ పనికి చెవులక్కర్లేదు కాబట్టి మహారాజులా చేశాడు. టవలు తియ్యకుండానే ఉమైర్ మిగతా మాట నోటితో చెప్పాడు.

"రేటు అదే, పెద్దరెడ్డీ. కానీ సన్నకాయ లెక్కలోకి రాదు. కోసేది మా ఇష్టమొచ్చినప్పుడు, అంతవరకూ నీళ్లు మీరే పెట్టాల. సరేనా?"

బోర్లు ఎండిపోయే ఎండాకాలంలో ఒప్పుకోగూడని షరతులవి. నాగేంద్ర ఫోన్ చూసుకుంటున్నాడు. తిమ్మారెడ్డి తల ఊపబోయి, పెళ్లాం వైపు చూశాడు.

వనజమ్మ ఒక చెట్టు కొమ్మ వంచి కాయ చూస్తోంది.

ఆయన మళ్లీ చూశాడు. దగ్గాడు. చివరికి నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. "ఏమే, ఏమంటాండాడు?"

వనజమ్మ దగ్గరికొచ్చి, ఆయనకు బాగా వినపడేట్టు చెప్పింది. "మర్చిపోయినా."

"అమ్మా!" అన్నాడు నాగేంద్ర ఫోన్లోంచి తల ఎత్తి.

"నాకు మతిమరుపు కదప్పా. ఇంగ నువ్వు చెప్పు మీ నాయనకు, ఏమన్నాడో."

నాగేంద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అతను వింటే కదా చెప్పడానికి. వనజమ్మ అతని ముందు చెయ్యి చాపింది. ఈసారి అడగలేదు. అతను ఉమైర్ వైపు, తండ్రి వైపు చూసి, జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని కొంగున ముడేసి మంచం మీద మొగుడి పక్కన కూర్చుంది. ఆ టవలు లాగి మడిచి పక్కన పెట్టింది.

"ఇది మా అమ్మ నాకిచ్చిన తోట, నాయనా" అంది ఉమైర్‌తో. "టవలొద్దు, సైగలొద్దు. ధర గానీ, నీళ్లు గానీ, ఏమున్నా నాతోనే నోటితో చెప్పు. నాకు చెవులు వినపడతాయి, విన్నది గుర్తుంటాది."

"అట్లేనమ్మా" అని ఉమైర్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమంటాంది? ఏమనింది?" అని తిమ్మారెడ్డి అందరి మొహాలూ చూస్తూ అడిగాడు.

వనజమ్మ తిరిగి చెప్పలేదు.